ఆయిల్ల నీళ్లు పడితే ఒక లెక్క, నీళ్లల్ల ఆయిల్ పడితే ఇంకో లెక్క

ఇరవై ఏండ్ల వయసుల నేను ఏడాదిన్నర ఆయిల్ ట్యాంకర్ మీద క్లీనర్‌గ చేసిన. చదువు ఇంటర్ల ఆగింది. ఆ తర్వాత నేర్సుకున్నదంత రోడ్డు మీద, మీటింగులల్ల, దొరికిన పుస్తకాలల్ల. బంకుల లోడు దించే ముందట ఒక పని జరిగేది. పొడుగాటి రాడ్ కొసకు పేస్టు రాసి ట్యాంకు అడుగు దాంక దింపుతరు. అడుగున నీళ్లుంటే ఆ పేస్టు రంగు మారుతది. మారిందా, లోడు దించనియ్యరు, కాగితం మీద సంతకం పెట్టరు. డ్రైవరన్న చేతులు కట్టుకోని నిలబడేటోడు. ఆ రెండు నిమిషాలు అందరికీ గుండె దడ.

ఒక బంకు ఎనుక ఒక రైతు బాయి ఉండె. ఎండకాలం నీళ్లు అడుగుకు పోతే కిరసనూనె వాసన వచ్చేది. ఆయన ఒకనాడు చెంబుల పట్టుకొచ్చి బంకు ఓనర్‌కు వాసన చూపిచ్చిండు. "నీ ముక్కుకేమైందే కాకా" అని నవ్విండు ఓనర్. మేం గూడ నవ్వినం. బంకు ఆయిల్ల నీళ్లున్నయా అని చూడనీకె పేస్టుంది. కాకా నీళ్లల్ల ఆయిల్ ఉన్నదా అని చూడనీకె ఏ పేస్టూ లేదు, ఏ సంతకమూ లేదు. అప్పుడు నాకు అది తట్టలే. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల గురించి చదువుతుంటె ఆ చెంబే యాదికొస్తుంది.

ఎందుకు చదువుతున్ననంటే, మనకు కొత్త ఎయిర్‌పోర్టులు వస్తున్నయి. వరంగల్ పక్కన నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్టును మళ్ల నడిపేటందుకు 2025 ఫిబ్రవరి ఆఖర్ల కేంద్రం ఓకే అన్నది. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు. అటు ఆంధ్రల భోగాపురం. యూట్యూబ్ల అంత రన్‌వే పొడుగెంత, టర్మినల్ డిజైనెట్ల, ఎకరానికి రేటెంత అన్న ముచ్చటే. ఆయిల్ ట్యాంకులు ఎక్కడ పెడ్తరు, అండ్లకెళ్లి కారితే ఎటు పోతది అన్న ముచ్చట ఒక్కడు అడిగింది నేను చూడలే. అందుకే ఇయ్యాల రెండు కథలు చెప్త. ఒకటి ఆయిల్ల నీళ్లు పడ్డ కథ, ఇంకోటి నీళ్లల్ల ఆయిల్ పడ్డ కథ. రెండూ ఎయిర్‌పోర్టుల కాడివే.

మొదటిది 2010 ఏప్రిల్ 13. ఇండోనేషియాల సురబయ అనే సిటీ, దాని ఎయిర్‌పోర్టు పేరు జువాండ. అక్కడికెళ్లి హాంకాంగ్‌కు కాథే పసిఫిక్ విమానం లేసింది. ఎయిర్‌బస్ 330 రకం, 309 మంది ప్రయాణికులు, 13 మంది సిబ్బంది. గాల్లకు లేసిన కొద్దిసేపటికే ఇంజిన్లు సరిగ్గ మాట వినకపోవుడు మొదలైంది. హాంకాంగ్ దగ్గర పడేసరికి ఒక ఇంజిన్ 74 శాతం కాడ ఇరుక్కుంది, ఎంత తగ్గిచ్చినా తగ్గదు. రెండోది కిందికి పడిపోయింది, ఎంత పెంచినా పెరగదు. ఎక్సలేటర్ తొక్కి పట్టినట్టున్న బండిని రన్‌వే మీద ఆపుడన్నట్టు. మామూలుగ అసొంటి విమానం గంటకు 250 కిలోమీటర్ల స్పీడుకు అటూఇటుగ నేలకు తాకుతది. ఇది 231 నాట్లు, అంటే గంటకు దాదాపు 428 కిలోమీటర్ల స్పీడుతోని దిగింది. బ్రేకులు ఎర్రగ కాలినయి, టైర్లల్ల గాలి పోయింది. జారుడుబల్లల మీద జనాన్ని దించిన్రు, 57 మంది ప్రయాణికులకు దెబ్బలు తగిలినయి. ఒక్క పానం పోలే. ఆ ఇద్దరు పైలట్లకు దండం పెట్టాలె.

ఏమైందని చూస్తే, తప్పు విమానంల లేదు, నేల కింద ఉన్నది. పెద్ద ఎయిర్‌పోర్టులల్ల ట్యాంకర్ లారీలతోని కాకుంట, భూమిలోపట పైపులు వేసి విమానం ఆగే జాగ దాంక ఆయిల్ తెస్తరు. దాన్ని హైడ్రంట్ అంటరు. జువాండల ఆ పైపు లైను పొడిగించే పని నడిచింది. ఎయిర్‌పోర్టేమో సముద్రానికి దగ్గర. పని జరిగేటప్పుడు ఉప్పునీళ్లు పైపులకు చొచ్చినయి. పని అయినంక లైనును సరిగ్గ కడిగి, శుభ్రమైందని తేల్చుకోకుంటనే వాడకంల పెట్టిన్రు. విమానంల పోసే ముందు ఆఖరి ఫిల్టర్ ఒకటుంటది. అండ్ల నీళ్లను గుంజుకునే పొడి ఉంటది, చిన్నపిల్లల డైపర్ల ఉండేదే. నీళ్లు తగిలితే అది ఉబ్బి దారి మూసెయ్యాలె. ఉప్పునీళ్లకు అది చెయ్యాల్సిన పని చెయ్యలే. తానే సన్నటి గోళీల లెక్క మారి ఆయిల్‌తోని పాటు విమానంలకు పోయింది. ఆ గోళీలు ఇంజిన్‌కు ఆయిల్ కొలిచి పంపే కవాటంల ఇరికినయి.

ఇగ తర్వాత ఏం జరిగిందో చూడున్రి. హాంకాంగ్ పౌర విమానయాన శాఖ మూడేండ్లు దర్యాప్తు చేసి 2013ల రిపోర్టు బయట పెట్టింది. గోళీలను మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన్రు, అవే గోళీలను మళ్ల ల్యాబుల తయారు చేసిన్రు. 2012ల అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమాన ఇంధనం సప్లయి మీద ప్రత్యేకంగ ఒక మాన్యువల్ తెచ్చింది. ఆ రకం ఫిల్టర్లనే ప్రపంచమంతట పక్కకు పెట్టాలె అని విమాన కంపెనీలు, ఆయిల్ కంపెనీలు కలిసి నిర్ణయం చేసినయి. ఒక్క విమానం, ఒక్క దినం. దానికి ప్రపంచంల రూలే మారింది. మారాలె గూడ. నేను దాన్ని తప్పంటలే.

అసలు విమానం ఆయిల్‌కు ఉన్న కాపలా చూస్తే ముచ్చటేస్తది. ఏటీఎఫ్ అంటరు గానీ, మూలం చూస్తే అది బాగా శుద్ధి చేసిన కిరసనూనే. ట్యాంకు అడుగు ఒక దిక్కు వాలుగ కడతరు, నీళ్లు బరువు గదా, అవన్ని ఆ గుంటలకు చేరాలె. ఆయిల్‌ను అడుగుకెళ్లి కాదు, పైన తేలే పైపుతోని గుంజుతరు. కొత్తగ వచ్చిన ఆయిల్‌ను కదలకుంట కొన్ని గంటలు తేరనిస్తరు. రోజూ అడుగుకెళ్లి సీసాల పట్టి వెలుగుకు పెట్టి చూస్తరు, తళతళ మెరవాలె, ఒక్క నలుసు ఉండొద్దు. నీళ్లుంటే రంగు మారే బిళ్లలున్నయి. నీళ్లు, ఆయిల్ కలిసే కాడ ఒక రకం బూజు పుట్టి ట్యాంకును తింటది, దాన్ని గూడ వెతుకుతరు. రిఫైనరీ నుంచి డిపోకు, డిపో నుంచి ఎయిర్‌పోర్టుకు, ఎయిర్‌పోర్టు నుంచి విమానానికి, చెయ్యి మారినప్పుడల్ల ఒక టెస్టు, ఒక సంతకం. ఏ చేతుల ఖరాబైందో ఆ చెయ్యే దొరుకుతది. నా ట్యాంకర్ కాలపు పేస్టుకు ఇది పెద్దన్న అన్నట్టు.

రెండో కథ అమెరికాది. న్యూ మెక్సికో రాష్ట్రంల ఆల్బకర్కీ అనే సిటీ. అక్కడ సిటీ ఎయిర్‌పోర్టు, కర్ట్‌ల్యాండ్ వైమానిక స్థావరం పక్కపక్కన్నే, రన్‌వేలు గూడ ఒక్కటే. 1953ల ఆ స్థావరం ఆయిల్ డిపో కట్టిన్రు. రైలు వ్యాగన్లల్ల వచ్చిన ఆయిల్‌ను భూమిలోపటి పైపులతోని గుంజి ట్యాంకులల్ల నింపేది. ఆ పైపులకు ఎప్పుడు చిల్లు పడ్డదో ఎవరికీ తెల్వదు. 1999ల ప్రెజర్ టెస్టు పెడితే పైపు నిలవలే, అప్పుడు బయటపడ్డది. మధ్యల 46 ఏండ్లు. ముందుగాల మట్టిల వెతికిన్రు. అక్కడ నీళ్లు దాదాపు 500 అడుగుల లోతుల ఉంటయి. 2007ల ఆ లోతుల, నీళ్ల మీద తేలుకుంట ఆయిల్ కనపడ్డది.

ఎంత కారింది? తలా ఒక మాట. 60 లక్షల గ్యాలన్ల నుంచి 2 కోట్ల 40 లక్షల గ్యాలన్ల దాంక అంచనాలున్నయి. పెద్ద అంచనా మన లెక్కల 9 కోట్ల లీటర్లు. 20 వేల లీటర్ల ట్యాంకర్లు 4,500 వరుసగ పెట్టుకోండ్రి. చిన్న అంచనాకు గూడ 1,100 పైన ట్యాంకర్లు. విమానంల పోసే ఆయిల్‌ను చుక్క చుక్క కొలిచేటోళ్లకు, భూమిల పోయిన ఆయిల్ ఇంతకు నాలుగింతల తేడాతోని అంచనా మాత్రమే ఉన్నది.

ఇండ్ల ఒక సంగతి నాకు మస్తు విలువైనది అనిపించింది. ఎన్కట విమానాల పెట్రోల్ల సీసం కలిపేటోళ్లు. ఆ సీసం ఇంజిన్ల పేరుకోకుంట ఇథిలీన్ డైబ్రోమైడ్ అనే మందు గూడ కలిపేది, పొట్టిగ ఈడీబీ. క్యాన్సర్ తెచ్చేదని దాని మీద గట్టి అనుమానం. అమెరికాల తాగునీళ్లకు పెట్టిన హద్దు ఎంతంటే, ఒక గ్రాము ఈడీబీని రెండు కోట్ల ముక్కలు చేస్తే, లీటరు నీళ్లల్ల అండ్ల ఒక్క ముక్క దాంకనే ఉండొచ్చు. కర్ట్‌ల్యాండ్ల ఆ రకం పెట్రోలు వాడుడు 1975 ప్రాంతంల బందైంది. కానీ భూగర్భంల ఊరి బోర్ల దిక్కు సాగుతున్న నీళ్లల్ల ఈడీబీ దొరికింది. అంటే కారుడు 1975కు ముందటి నుంచే ఉన్నది అన్నట్టు. ఆఫీసు రికార్డు చెప్పని సంగతి నీళ్లు చెప్పినయి. ఆ నీళ్లను తోడి, బొగ్గు ఫిల్టర్ల గుండ పోనిచ్చి శుద్ధి చేసే పని 2015ల మొదలైంది. చిల్లు దొరికిన 16 ఏండ్లకు. ఈడీబీ సిటీ తాగునీటి బోర్ల దాంక పోకముందే ఆపాలని ఇప్పటికీ తోడుతున్నరు.

ఒక దిక్కు మూడేండ్లల్ల దర్యాప్తు అయిపోయింది. ఇంకో దిక్కు కనిపెట్టనీకె 46 ఏండ్లు, తోడుడు మొదలుపెట్టనీకె ఇంకో 16. ఎందుకిట్ల? విమానంల కూసున్నోళ్లు పెద్దోళ్లు, బోరు నీళ్లు తాగేటోళ్లు చిన్నోళ్లు అని ఒక్క మాటల చెప్పి మీటింగుల చప్పట్లు కొట్టిచ్చుకోవచ్చు. నేను గూడ శానసార్లు కొట్టిచ్చుకున్న. కానీ ఆల్బకర్కీల చిన్నోళ్లే లేరు గదా, అది పెద్ద సిటీ. అసలు సంగతి సంతకంల ఉన్నది. ఆయిల్ చెయ్యి మారుతది కాబట్టి దాని మీద సంతకముంది. భూమిలోపటి నీళ్లు ఎవరి చేతికెళ్లి ఎవరి చేతికీ మారవు. ఈనాడు మంచిగున్నయని ఎవడూ రాసియ్యడు. రేపు చెడినయంటే, ఎప్పటినుంచి, ఎవనితోని అని రుజువు చెయ్యాల్సిన బాధ చెంబు పట్టుకొచ్చిన కాకా మీద పడతది. మొదటి దినం కాగితం లేదు కాబట్టి ఓనర్ నవ్వుతడు. పటాన్‌చెరు దిక్కు నక్కవాగు ముచ్చట మనకు తెల్వంది కాదు. వాగు రంగు మారినంక, పంటలు మాడినంక గదా కోర్టుకు పోయింది.

మన నేల సంగతి ఇంకా గమ్మత్తు. తెలంగాణల శానమటుకు గట్టి రాయి. నీళ్లు ఆ రాయి పగుళ్లల్ల ఉంటయి. అందుకే నీ పొలంల 300 అడుగులకు నీళ్లు పడితే, గట్టు అవతల మీ పెదనాయిన పొలంల 600 పోయినా దుమ్మే లేస్తది. నీళ్లు ఎటు పోతయో తెల్వని పగుళ్లల్ల ఆయిల్ ఎటు పోతదో ముందుగాల ఎవరు చెప్తరు? ఎయిర్‌పోర్టు గోడ పక్క బోరు మంచిగనే ఉండొచ్చు, రెండు పొలాల అవతలి బోరు వాసన రావొచ్చు. ఒక ఎయిర్‌బస్ 320 ట్యాంకులు నిండాలంటే 24 వేల లీటర్ల పైన కావాలె. దినాం పది విమానాలన్నా ఎంత ఆయిల్ ఆ నేల మీద, నేల కింద తిరుగుతదో లెక్క కట్టుకోండ్రి. శంషాబాద్ల 2008 నుంచి తిరుగుతుంది. అక్కడ ఏదో కారిందని నేను అంటలేను. చుట్టుపక్కల ఊర్ల నీళ్ల రిపోర్టులు ఏడాదికేడాది అడిగి తీసుకునుడు మన హక్కు అంటున్న, అంతే.

ఆయిల్ ఒక్కటే గాదు. బ్యాటరీలు, హైడ్రాలిక్ ఆయిల్, పెయింటు గీకే మందులు చానా ఉంటయి, వాటిని పక్కకు పెడదాం. ఒక్క నురగ గురించి మాత్రం చెప్పాలె. ఆయిల్ మంటను నీళ్లు ఆర్పలేవు, అందుకే నురగ కొడతరు. పాత రకం నురగల పీఫాస్ అనే రసాయనాలుంటయి. అవి మట్టిల కలవవు, ఎండకు పోవు, ఒంట్లకు పోతే ఏండ్లకేండ్లు ఉంటయి. మంట అంటుకుంటేనే గాదు, ట్రైనింగ్ పేరు మీద గూడ కొడతరు. స్వీడన్ల రొన్నెబీ ఎయిర్‌పోర్టు సైన్యానికి, జనానికి ఉమ్మడిది. అక్కడ ఏండ్ల తరబడి కొట్టిన నురగ పక్కనున్న కల్లింగె అనే ఊరి నీళ్లల్లకు పోయింది. 2013 డిసెంబర్ల బయటపడ్డది, ఆ నీళ్ల ప్లాంటును మూసిన్రు. దాదాపు 5 వేల మంది అప్పటిదాంక అవే నీళ్లు తాగిన్రు. రంగు లేదు, వాసన లేదు, చెంబుల పట్టుకొచ్చి చూపిద్దామన్నా ఏం కనపడదు.

ఆ ఊరోళ్లు సంఘం పెట్టుకున్నరు. రక్తం పరీక్ష చేపిచ్చుకున్నరు. నీళ్లు సప్లయి చేసిన మున్సిపల్ కంపెనీ మీద కేసు వేసిన్రు. కింది కోర్టుల గెలిచిన్రు, పై కోర్టుల ఓడిన్రు. 2023 డిసెంబర్ల స్వీడన్ సుప్రీంకోర్టు ఏమన్నదంటే, రోగం ఇంకా రాకపోయినా సరే, రక్తంల ఆ రసాయనం అంత ఎక్కువ ఉండుడే ఒంటికి జరిగిన నష్టం అన్నది. చదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఆ తీర్పు గురించి వెతికి చదవాలె. రోగం వచ్చినంక రండ్రి అనే మాటకు అది జవాబు. మరి వాళ్లు ఎట్ల గెలిచిన్రు? వాళ్ల చేతుల పరీక్ష కాగితముంది.

అందుకే మామునూరు దిక్కు తమ్ముళ్లకు, ఇంకెక్కడ ఎయిర్‌పోర్టు మాట వినబడ్డా ఆ ఊరోళ్లకు నా మాట. ఎయిర్‌పోర్టు వద్దని కొట్లాడుతరో, రేటు పెంచుమని కొట్లాడుతరో మీ ఇష్టం, మీ భూమి. కానీ భూమి తీసుకునేటప్పుడు పంచనామ చేస్తరు గదా. ఎన్ని చెట్లు, ఎన్ని బోర్లు, రేకుల షెడ్డెంత, అన్నీ రాస్తరు. బోరు ఉన్నదని రాస్తరు, ఆ బోరు నీళ్లల్ల ఏమున్నదని రాయరు. భూమి చెయ్యి మారే దినం అదే. ఆ దినమే నీళ్ల మీద గూడ సంతకం కావాలని అడగాలె. పోయే భూములల్లవే గాదు, గోడ అవతల మిగిలే ఊర్ల బోర్లవి గూడ.

అడిగేటందుకు చట్టంల తలుపులున్నయి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ఎయిర్‌పోర్టులు కేంద్రం అనుమతి తీసుకోవాల్సిన జాబితాల ఉన్నయి. పబ్లిక్ హియరింగ్ పెడితే 30 దినాల ముందు నోటీసు ఇయ్యాలె, రిపోర్టు సారాంశం తెలుగుల దొరకాలె. హియరింగ్‌కు పోయి అందరం ఉద్యోగాల మీదనే మాట్లాడుతం. ఒక్కలన్నా లేసి, ఆయిల్ ట్యాంకులు మ్యాపుల ఎక్కడున్నయి, పైపులకు ప్రెజర్ టెస్టు ఎన్నేండ్లకోసారి, చుట్టూ పరిశీలన బోర్లు ఎన్ని వేస్తరు, నురగ ట్రైనింగ్ నీళ్లు ఎటు పోతయి అని అడగాలె. అడిగిన ప్రతి మాట మినిట్స్‌ల రాయాలె, అది వాళ్ల డ్యూటీ. అనుమతి వచ్చినంక ఆర్నెల్లకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి, షరతులు ఎట్ల పాటిస్తున్నరో రిపోర్టు పెట్టాలె. అది దాచే కాగితం గాదు. దొరకకపోతే పది రూపాయలతోని ఆర్టీఐ.

2025 జులైల ఇంకో కొత్త రూల్స్ వచ్చినయి, రసాయనాలతోని కలుషితమైన జాగల మీద. స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం అనుమానం ఉన్న జాగల జాబితా ఆర్నెల్లకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలె. మండలి పరీక్ష చేయించాలె, పాడు చేసినోడే బాగు చేసే ఖర్చు పెట్టుకోవాలె. రూల్స్ కాగితం మీద మంచిగనే ఉన్నయి. గ్రామపంచాయతీ తీర్మానం పోకపోతే ఆ జాబితాల మన ఊరు పేరు దానంతటదే ఎక్కుతదని నాకైతే నమ్మకం లేదు.

ఇగ సర్కారు చేసేదాంక ఆగొద్దు అనుకునే సంఘాలు, యూత్ క్లబ్బులు సొంతంగ గూడ పరీక్ష చేపిచ్చుకోవచ్చు. పది బోర్లు అక్కర్లేదు, ఎయిర్‌పోర్టుకు నాలుగు దిక్కులల్ల నాలుగు చాలు మొదటికి. గుర్తింపు ఉన్న ల్యాబు చూసుకోండ్రి. మామూలు తాగునీళ్ల టెస్టు అంటే ఉప్పు, ఫ్లోరైడ్ చూసి పంపుతరు. బెంజీన్, టోలుయిన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు అని పేరు పెట్టి అడగాలె. బోరు కాసేపు పోసినంక పట్టాలె, ఖాళీ అయిన కూల్‌డ్రింక్ సీసాల పట్టొద్దు. ల్యాబోళ్లు ఇచ్చే గోధుమరంగు గాజు సీసాల, అంచు దాంక, ఒక్క గాలి బుడగ లేకుంట నింపాలె. గాలి ఉంటే పట్టాల్సిన వాసన ఆ గాలిల కలిసి పోతది. ఐసుల పెట్టి తొందరగ చేర్చాలె. పీఫాస్ టెస్టుకు మాత్రం గాజు పనికిరాదు, దానికి వేరే ప్లాస్టిక్ సీసా ల్యాబే ఇస్తది. సీసా మీద తారీకు, బోరు సర్వే నంబరు రాసి, పట్టేటప్పుడు పక్కన పంచాయతీ సెక్రటరీని నిలబెట్టి, ఆయనతోని గూడ ఒక సంతకం చేపియ్యున్రి.